టామ్ సార్ అన్నకు మేం వేసిన దండ

నిన్న పొద్దున దోహాలో డ్యూటీ బస్సులో నా పక్కసీటు వెల్డరు జలుబు చేసిందని రుమాలు మీద నీలగిరి తైలం చల్లుకున్నాడు. ఏసీ బస్సు, మూసిన అద్దాలు. క్షణంలో ఆ ఘాటు బస్సంతా నిండింది. అందరూ ముక్కులు మూసుకుని అతణ్ణి తిట్టుకుంటుంటే నేనొక్కణ్ణే గుండెల నిండా పీల్చుకుని, వెస్ట్ బే టవర్లు కనిపించేదాకా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. అది నాకు జలుబు మందు వాసన కాదు, టామ్ సార్ వాసన. దుమ్ము లేచిన రోజున ఆయన రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుని ముక్కుకు కట్టుకునేవారు. ఇది మా ఊరి కిరాణా కొట్టులో కూడా దొరుకుతుంది సార్, ఊటీ నుంచి వస్తుంది అని నేనొకసారి గొప్పగా చెప్పాను. ఆయన నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి, "ఆ చెట్టు మాది మల్లేశ్. మీవాళ్ళు పట్టుకుపోయారు. పోనీలే, మళ్ళీ తెచ్చివ్వక్కర్లేదు" అన్నారు.

టామ్ సార్ మా సైటుకు సేఫ్టీ ఆఫీసరు. ఆస్ట్రేలియా మనిషి. అరవైకి దగ్గర పడ్డ వయసు, ఆరడుగులకు పైన ఎత్తు, ఎండకు కమిలి ఎర్రబడ్డ మెడ. ఆయన మాట్లాడేది ఇంగ్లీషూ, సైటు హిందీ, మధ్యలో నాలుగు అరబ్బీ ముక్కలూ కలిపిన భాష. నాకు అర్థమైనంతలో ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. అంతకుముందు నేను చూసిన సేఫ్టీ ఆఫీసర్లు విరిగిన కాళ్ళ ఫోటోలు చూపించి మమ్మల్ని బెదరగొట్టేవారు. ఈయన వచ్చిన మొదటి వారమే నడుముకు బెల్టు బిగించుకుని పరంజా మీంచి తలకిందులుగా వేలాడారు. జేబులోని కళ్ళద్దాలు, పెన్నులు, నమిలే గమ్ము అన్నీ కిందకి రాలుతుంటే, "ఈ అందమైన ముఖం చూశారా? బెల్టు లేకపోతే దీన్ని పారతో ఎత్తాల్సి వచ్చేది" అన్నారు. మేం కడుపుబ్బ నవ్వాం. ఆ తర్వాత ఎప్పుడు బెల్టు పెట్టుకున్నా నాకు ఆ వేలాడే ముఖమే గుర్తొచ్చేది.

నేను జగిత్యాల వైపు పల్లె నుంచి హెల్పరుగా వచ్చినవాణ్ణి. నలుగురిలో నోరు తెరవాలంటే చచ్చే భయం. ఒకరోజు పొద్దున పని మొదలయ్యే ముందు సార్ నన్ను చెయ్యి పట్టి ముందుకు లాగి, "రేపటి నుంచి మీ తెలుగువాళ్ళకు నువ్వే చెప్పు" అన్నారు. "ఇంగ్లీష్ మాఫీ సార్" అన్నాను, అస్సలు రాదని. "ఇంగ్లీషు నేనడిగానా? మీ అమ్మతో ఎలా మాట్లాడతావో అలా మాట్లాడు" అన్నారు. మర్నాడు ముప్పై మంది ముందు నిలబడితే నా నోట వచ్చింది ఒక్క ముక్కే: "జర పైలంగ ఉండుండ్రి." అంతే, వెనక్కి వచ్చి వరసలో నిలబడ్డాను. సార్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. ఏదో గొప్ప ఉపన్యాసం విన్నవాడిలా నా భుజం తట్టి వెళ్ళిపోయారు. ఈ రోజు నేను రెండొందల మంది ముందు గడగడా మాట్లాడుతున్నానంటే అది ఆ చప్పట్ల పుణ్యమే.

ఏడాదికొకసారి ఒక శుక్రవారం అల్ ఘర్రాఫాలో తన విల్లాకు మా జట్టు పన్నెండు మందినీ భోజనానికి పిలిచేవారు. అది వాళ్ళ అన్న పుట్టినరోజు విందు. అన్న పేరు కెన్. సార్‌కు పన్నెండేళ్ళప్పుడు వియత్నాం యుద్ధంలో చనిపోయాడు. యుద్ధానికి మనుషులు చాలక అక్కడి సర్కారు లాటరీ తీసేదట. ఒక్కో పుట్టినతేదీకి ఒక్కో గోలీ. డబ్బా తిప్పి ఏ గోలీ తీస్తే ఆ తేదీన పుట్టిన ఇరవై ఏళ్ళవాళ్ళు సైన్యంలోకి పోవాలి. "మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ లాటరీ తగల్లేదు. ఇదొక్కటే తగిలింది" అన్నారు సార్. కెన్ మామూలు సిపాయి. పతకాల్లేవు, పేపర్లో ఫోటో లేదు. తుపాకి మోశాడు, వానలో తడిశాడు, కాళ్ళు పాసిపోయాయని ఇంటికి ఉత్తరాలు రాశాడు. ఎనిమిదో నెలలో మందుపాతర మీద కాలు పడింది. చనిపోయిన రోజున కాకుండా పుట్టినరోజున ఎందుకు చేస్తారని నేనడిగితే, "ఆ తేదీ చూసే కదా వాణ్ణి తీసుకుపోయారు. అది వాళ్ళకు వదలను. అది మా అన్న పుట్టినరోజు" అన్నారు.

భోజనమయ్యాక కెన్ గురించి ఒక కథ చెప్పేవారు. ఏడాదికి ఒక్కటే, అదీ నవ్వొచ్చేదే. మొదటి ఏడాది చెప్పింది పొట్టేలు కథ. వాళ్ళ నాన్నకు గొర్రెల మంద ఉండేది. ఒకసారి మంచి పొట్టేలును సబ్బుతో కడిగి, ట్రక్కులో ఎక్కించి, పైన టార్పాలిన్ కప్పి, బహుమతులిచ్చే సంతకు బయలుదేరాడు. ఆరేళ్ళ టామ్‌కు ఆ పొట్టేలంటే ప్రాణం. దాన్ని అమ్మేస్తారేమోనని, బండి కదలకముందే తాడు విప్పి తరిమేసి, దొంగతనంగా తనే టార్పాలిన్ కింద దూరి నిద్రపోయాడు. సంతలో పెద్దమనుషుల ముందు నాన్న దర్జాగా టార్పాలిన్ ఎత్తితే గురకపెడుతున్న కొడుకు. పద్నాలుగేళ్ళ కెన్ తడుముకోకుండా తమ్ముణ్ణి ఎత్తి తూకం కాటా మీద నిలబెట్టి, "బరువు రాసుకోండి" అన్నాడట. ఆ కథకు మా లింగన్న నవ్విన నవ్వుకు పొలమారి, వీపు మీద గుద్దాల్సి వచ్చింది. లింగన్న నిర్మల్ మనిషి, మా క్యాంపు వంటమనిషి, మా అందరికీ పెద్దదిక్కు.

అలా ఆరేళ్ళు గడిచాయి. ఏడో ఏడు విందు దగ్గర పడుతుంటే సార్ మాట్లాడటం తగ్గించారు. క్యాబిన్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు నేనే అడిగాను.

"ఈసారి పిలవను మల్లేశ్. కథల్లేవు, ఖలాస్" అన్నారు. "వాడు పోయాక మా అమ్మ ఇంట్లో వాడి పేరెత్తనివ్వలేదు. ఉన్నవన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసింది. పన్నెండేళ్ళ పిల్లాడికి ఎంత గుర్తుంటుంది? నా దగ్గర ఉన్నవే ఆరు. చెప్పిందే చెప్తే అది బట్టీపట్టిన పాఠమైపోతుంది. కొత్తగా చెప్పడానికేమీ లేకపోతే, నాకు మా అన్న అక్కడితో అయిపోయినట్టే."

అంతటి మనిషి గొంతు అలా పడిపోవడం నాకు కొత్త. క్యాంపుకు వెళ్ళి లింగన్నకు చెప్పాను. ఆయన పప్పు గరిటె పక్కన పెట్టి, "కతలు లేకుంటే ఏమాయె? మన దగ్గర పెద్దలకు పెట్టుకోమా? ఆయన అన్నకు మనమే పెడ్దాం. ఇష్టమైనయి వండి ఫోటో ముంగట పెడితె తింటడు" అన్నాడు. సార్ అన్నకు ఏమిష్టమో మాకేం తెలుసు? మనకు ఇష్టమైనవే ఆయనకూ ఇష్టమని తీర్మానించాం. ఫోటో నేను సార్‌ను అడిగి తెచ్చాను. పాతది, నలుపు తెలుపు. ఇద్దరు సిపాయిలు, ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్నారు. సార్ ఆరడుగుల మనిషి కదా, పొడుగువాడే అన్న అని ఒక్కరికీ అనుమానం రాలేదు. అల్ దోహా అల్ జదీదాలో ఒక ఫోటో షాపుకు తీసుకెళ్ళి, కాపీ తీయించి, అందులో పొట్టివాణ్ణి కత్తిరించి పారేయించి, పొడుగువాణ్ణి పెద్దది చేయించి ఫ్రేము కట్టించాం. నేనే దగ్గరుండి చేయించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

శుక్రవారం మధ్యాహ్నం పిలవకుండానే విల్లాకు చేరుకున్నాం. డ్రైవర్ సత్తిబాబు మల్లెపూల దండ తెచ్చాడు. అతనిది కాకినాడ వైపు. సార్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, బల్ల మీద ఫోటో నిలబెట్టి బొట్టు పెట్టి దండ వేశాం. ముందర బగారన్నం, కోడికూర, గారెలు, ఒక సిగరెట్టు, కల్లుకు బదులు మత్తులేని మాల్టు డ్రింకు సీసా. లింగన్న దండం పెట్టి, "కండ్లు తెరువుండ్రి సార్" అన్నాడు.

సార్ చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత ఆయన భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తున్నారనుకుని మాకూ కళ్ళు చెమర్చాయి. తీరా చూస్తే నవ్వు. కుర్చీలోంచి జారేంత నవ్వు.

"ఇతను కెన్ కాదు" అన్నారు ఊపిరి తిప్పుకుని. "వాడి దోస్తు అలన్. పొట్టివాడు కెన్. అలన్ బతికే ఉన్నాడు."

లింగన్న చటుక్కున దండ తీయబోయి, తీస్తే ఏమవుతుందోనని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "బతికున్నోని ఫోటోకు దండేసినమారా మల్లిగా" అంటూ నెత్తి పట్టుకున్నాడు. సత్తిబాబు మాత్రం ధైర్యం చెప్పాడు. "కంగారు పడకండి లింగన్నా. మా వైపు కాకి తంతే పోయాడని అబద్ధపు కబురు పంపుతారు, దోషం పోద్దని. ఈయనకి ఆయుష్షు పెరుగుద్ది చూడండి." లింగన్న ఒప్పుకోలేదు. "అయితే గాయన గొంతు ఒక్కసారి వినాలె. వినేదాక ఈ అన్నం ఎవ్వలు ముట్టద్దు" అన్నాడు.

ఆ మాట నేను హిందీలో చెప్పగానే సార్ ముఖంలో నవ్వు పోయింది. కెన్ పోయిన ఏడాదికి అలన్ వాళ్ళింటికి వచ్చాడట. అమ్మ తలుపు తీయలేదు. అతను గంటసేపు మెట్ల మీద కూర్చుని వెళ్ళిపోయాడు. టామ్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. అప్పటి నుంచి ఏటా పండక్కి అలన్ కార్డు పంపుతున్నాడు, దాని మీద ఫోన్ నంబరు కూడా రాస్తున్నాడు. సిగ్గుతో ఈయన ఒక్కసారి కూడా చేయలేదు. యాభై ఏళ్ళు. "ఏ ముఖంతో చేయను?" అన్నారు. లింగన్నకు అదేమీ పట్టలేదు. చల్లారిపోతున్న కోడికూర వైపు చూపించి, త్వరగా కానిమ్మన్నట్టు, "యల్లా సార్" అన్నాడు.

సార్ ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. అక్కడ సాయంత్రం. ముసలి గొంతు పలికింది. "అలన్, నేను కెన్ తమ్ముణ్ణి" అన్నారు సార్. అటువైపు కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత, "టామీ?" అని.

"నువ్వు బాగున్నావా? ఇక్కడ పన్నెండు మంది నువ్వు చచ్చిపోయావనుకుని నీకు దండేసి కోడికూర పెట్టారు."

"కోడి బాగుందా?" అన్నాడు అలన్. లింగన్నకు ప్రాణం లేచివచ్చింది.

ఇద్దరూ నవ్వారు, ముక్కులు చీదుకున్నారు. తలుపు సంగతి సార్ ఎత్తబోతే అలన్ ఎత్తనివ్వలేదు. "ఒక్క మాట అడగాలి టామీ. ఆ రోజు మీ ఇంటికి వచ్చింది సగం అందుకే" అన్నాడు. "వాడు పోయిన రోజు రబ్బరు తోటలో కాసేపు ఆగాం. కెన్ నాకు గుసగుసగా ఒక కథ చెప్తున్నాడు. మీ నాన్న, సంత, ట్రక్కు. నాన్న టార్పాలిన్ ఎత్తాడు అన్నాడు. అంతలో కదలమని ఆర్డరొచ్చింది. ఉండు, మిగతాది చెప్తా అని లేచాడు. నోరు మూసుకున్నా నవ్వాగడం లేదు వాడికి. పది అడుగులు వేశాడు. అంతే. యాభై ఏళ్ళుగా ఆలోచిస్తున్నా. ఆ టార్పాలిన్ కింద ఏముంది?"

సార్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ట్రక్కు, టార్పాలిన్ అన్న మాటలు లింగన్న చెవిన పడ్డాయి. "ఇది మన పొట్టేలు కత గాదురా?" అని నన్ను మోచేత్తో పొడిచాడు. ఇక ఆగలేకపోయాడు. ఫోన్ మీదకు వంగి తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, "టామ్ సార్. ఇన్‌సైడ్, టామ్ సార్. స్లీపింగ్" అన్నాడు.

అలన్ నవ్వు మొదలైంది. దగ్గొచ్చింది, మళ్ళీ నవ్వు. మేమూ నవ్వాం. సార్ ముఖం మీద నవ్వూ కన్నీళ్ళూ ఏకధారగా కారుతున్నాయి. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "వాడు నా కథ చెప్తూ పోయాడు మల్లేశ్. నన్ను తలుచుకుని నవ్వుతూ పోయాడు" అన్నారు. అంతగా ఆనందపడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ పూట ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాం. దండ వేసిన ఫోటోను అలా తీయకుండానే తనకు పంపమన్నాడు అలన్, గోడకు తగిలించుకుంటానని.

ఆ మరుసటి ఏడు సార్ రిటైరై వెళ్ళిపోయారు. అలన్ ఊరికి దగ్గర్లోనే ఇల్లు తీసుకున్నారు. ఇద్దరూ కలిసి చేపలు పడుతున్న ఫోటోలు వచ్చేవి, చేపలు మాత్రం ఎప్పుడూ కనిపించేవి కావు. రెండేళ్ళ కిందట సార్ పోయారు. నిద్రలోనే, సుఖంగా. ఆ కబురు అలనే ఫోన్ చేసి చెప్పాడు. నేనిప్పుడు సేఫ్టీ ఆఫీసరును. కెన్ పుట్టినరోజున మా గదివాళ్ళకు వండిపెట్టి ఒక కథ చెప్తాను. సార్‌వి ఆరు, అలన్‌ది ఏడోది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఐదో తరగతి చదివే మా శ్రావణికి కూడా అన్నీ చెప్పేశాను.

పోయిన శుక్రవారం వీడియో కాల్‌లో అది కూర్చున్నచోట కూర్చోలేకపోతోంది. బడిలో కథ చెప్పమంటే కెన్ కథ చెప్పిందట. క్లాసంతా చప్పట్లట. ఆఖరున ఏం చెప్పావని అడిగాను.

"లడాయి అయిపోయినంక ఇంటికచ్చిండు నాయినా. పొట్టేలు కత సగంల ఆగింది గద, అది అలన్‌కు వాపసు వచ్చేటప్పుడు చెప్పిండు."

అట్ల గాదు బిడ్డా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది ఫోన్‌లోకి ఇంకా దగ్గరగా వచ్చి, "మంచిగ లేదా?" అంది.

"మంచిగున్నది. ఏడ కూసోని చెప్పిండు?" అన్నాను.

జడ కొస వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "బస్టాండు నుంచి ఇంటికి ఆటోల."

ఆస్ట్రేలియాలో ఆటోలుండవని నేను చెప్పలేదు. ఆ ఆటోలోనే కెన్‌ను ఇంటికి పోనిచ్చాను.