ఒసాకా ఇజకాయలో ముల్లంగి గిన్నె

2024 ఏప్రిల్‌లో కర్నూలు, కడప జిల్లాల నుంచి తొమ్మిది మందిని జపాన్ తీసుకెళ్లాను. కర్నూలులో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో నేను టూర్ మేనేజర్‌ని. అంటే గ్రూపుతో పాటే తిరుగుతూ గదులు, భోజనాలు, మందుబిళ్లలు, అలకలు అన్నీ చూసుకునే మనిషిని.

ఒసాకాలో మూడో రోజు సాయంత్రం ‘ఇజకాయ వాక్’ ఉంది. ఇజకాయ అంటే అక్కడి పాతకాలపు మద్యం కొట్టు. తాగడం ఒక్కటే కాదు, కూర్చుని తినడం, కబుర్లు చెప్పుకోవడం కూడా అక్కడే. స్థానిక గైడ్ మయుమి మమ్మల్ని సందుల్లో నడిపిస్తూ అలాంటివి మూడు చూపించాలి. తాగనివాళ్లు హోటల్లో ఉండిపోవచ్చని చెప్పాను. బద్వేలులో బట్టల కొట్టు నడిపే మస్తాన్ వలీగారు మాత్రం అందరికంటే ముందే కిందికి దిగారు. అరవై దాటిన మనిషి, ఐదు పూటలా నమాజు తప్పనివారు.

“నేను తాగేది లేదమ్మా. గదిలో ఒగణ్ణే కూర్చోని ఏం జేస్తా? ఆడ మనుషులు ఎట్ల కూర్చుంటారో చూస్తా, పద” అన్నారు.

మొదటి కొట్టు గుమ్మానికి నీలం గుడ్డ వేలాడుతోంది. వలీగారు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, “మంచి నూలు. అద్దకం శానా బాగుండాది” అన్నారు. లోపల పొయ్యి దగ్గరున్న యజమానురాలు, డెబ్బై ఏళ్ల పెద్దావిడ, అది చూసి నవ్వింది.

కూర్చోగానే అడక్కుండానే తలా ఒక చిన్న గిన్నె పెట్టారు. దాన్ని ‘ఒతోషి’ అంటారు, ఆ కొట్టు మర్యాద. ఉడికించిన ముల్లంగి. వలీగారు రెండు ముక్కలు తిని బాగుందన్నారు. అప్పుడే మయుమి నా చెవిలో, “ఆయనకు మిరిన్ ఫరవాలేదా?” అని అడిగింది. మిరిన్ అంటే వంటలో పోసే తియ్యటి బియ్యం సారా, ఆ ముల్లంగిలోనూ పోశారు.

డైటరీ షీట్‌లో, అంటే ఎవరు ఏం తినరో రాసే కాగితంలో, ఆయన పేరు ఎదురుగా ‘పోర్క్ వద్దు, మద్యం వద్దు’ అని రాసింది నేనే. మద్యమంటే గ్లాసులో ఉండేదే అనుకున్నాను. వంటలో ఏం పోస్తారని అడగలేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆయనకు ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చిన మాట నిజం.

ఆయన పక్కన కూర్చుని చెప్పేశాను. “తప్పు నాదే వలీగారూ. ముందే అడగాల్సింది.”

ఆయన గిన్నె పక్కకు జరిపారు. బయటికెళ్లి నోరు పుక్కిలించి, కాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డారు. తిరిగొచ్చేసరికి నా కళ్లలో నీళ్లు.

“ఏడ్చొద్దమ్మా. తెలీక తినింది అల్లా మాఫ్ జేస్తాడు. నువ్వు దాచిపెట్టింటే రేపు గూడా ఇదే తింటా ఉంటి గదా? చెప్పినావు, సాలు.”

సంగతి మయుమి చెప్పగానే పెద్దావిడ తల వంచి క్షమాపణ అడిగింది. చేతులు కడుక్కుని, పొయ్యి మీద కొత్త ఫాయిల్ పరిచి, ఒట్టి ఉప్పుతో చేపను కాల్చింది. తెల్లన్నం, కాల్చిన పచ్చిమిరపకాయలు, తినడానికి కొత్త పుల్లలు పెట్టింది. వలీగారు గుండె మీద చెయ్యి వేసుకుని, “షుక్రియా తల్లీ” అన్నారు. ఆ తర్వాత మయుమిని మధ్యలో పెట్టుకుని ఇద్దరు అంగడివాళ్లూ బేరాల గురించి, మొండి గిరాకీల గురించి మాట్లాడుకున్నారు. వాళ్ల నవ్వులు చూసి మిగతావాళ్లు కదలబోమన్నారు.

“ఇంగ రెండు కొట్లు ఎందుకప్పా? ఈడనే బాగుండాది” అన్నారు కడప కాంట్రాక్టరు ఒకాయన. అక్కడే ఉండిపోయాం.

ఇప్పుడు ప్రతి వంటశాలలోనూ గిన్నెలో ఏముందో మాత్రమే కాదు, దేనితో వండారో కూడా అడుగుతాను. ఆ పని ఎవరైనా నేర్పగలరు. తప్పు చేసినప్పుడు ఆ నిమిషంలోనే చెబితే మనిషి మనల్ని వదిలేయడని నేర్పింది మాత్రం వలీగారే. ఆ రుణం నాకు తీరేది కాదు.