సారు జేబులో రబ్బరు

రాష్ట్రంలో ఎంతమందికి ఉపాధి ఉందో ఫోన్లో వెతికితే ఇప్పుడు నిమిషంలో పట్టికలు వచ్చేస్తాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు మా సూపర్‌వైజరు సారు చొక్కా జేబులోని రబ్బరు గుర్తొస్తుంది.

హిందూపురంలో నన్ను సర్వే పనికి తీసుకున్న కొత్తలో ఆయన వెంట ఇంటింటికీ తిరిగాను. ఫారం ముందు పెన్సిల్‌తోనే నింపమనేవాడు.

ధర్మవరంలో ఒక నేత కుటుంబం ఇంటికి వెళ్లాం. మగ్గం పక్కన కూర్చున్న అవ్వను ఏం పని చేస్తావని అడిగాను.

"నాకేం పని నాయనా? ఊరికే కూచోనుంటా" అంది. నేను 'పని లేదు' అని రాసేశాను.

సారు మాత్రం ఆమె చేతులకేసి చూస్తున్నాడు. అవి పట్టుదారాన్ని కండెలకు చుడుతూనే ఉన్నాయి.

"నువ్వు కండెలు చుట్టకపోతే మగ్గం ఆడతాదా అవ్వా?"

"యాడాడతాది? నిలిచిపోతాది."

సారు రబ్బరు తీసి నా రాత చెరిపేశాడు. "నోటిమాట ఒకటే రాసుకుంటే ఎట్లబ్బా? చేతులు కూడా చూడు" అన్నాడు. ఆ తర్వాత ప్రతి వీధిలోనూ అదే మాట. వినీ వినీ నాకు విసుగొచ్చింది.

పెనుకొండలో సారు సొంతిల్లే మా జాబితాలో వచ్చింది.

"మేడమ్ ఏం పని చేస్తారు సార్?"

"ఆమెకేం పని? ఇంట్లోనే ఉంటాది" అన్నాడు చెప్పులు విప్పుతూ.

అదే రాసుకుని తలెత్తాను. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, చీరల అంగడివాళ్లు పంపిన పట్టుచీర కొంగుకు కుచ్చులు కడుతోంది. పక్కన ఇంకో నాలుగు చీరలున్నాయి. నేను ఆమె చేతులకేసి చూశాను.

సారు కూడా చూశాడు. కాసేపటికి జేబులో చెయ్యి పెట్టాడు.