అంకె రాని ఎడమ పాదం

రెండేళ్ల క్రితం, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిందిది. అరకు లోయలోని ఒక ఆస్పత్రికి పరికరాల తనిఖీకి వెళ్లాను. మూడు రోజుల పసివాడి ఎడమ పాదానికి పెట్టిన, రక్తంలో ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సిమీటరు అంకె చూపడం లేదని చెప్పి, నర్సు మరో కాన్పుకు పరుగెత్తింది. నేను వరుసగా బ్యాటరీ, వైరు, పాదానికి తగిలించే ప్రోబు మార్చాను. అంకె రాలేదు. ప్రోబును నా వేలికి పెట్టుకుంటే తొంభై ఎనిమిది చూపించింది. అయినా లూజ్ కాంటాక్టే అనుకుని మళ్లీ విప్పసాగాను.

పిల్లాడి అమ్మమ్మ హుకుంపేట వైపు కాఫీ తోటల మనిషి. అప్పటిదాకా ఓపిక పట్టింది.

"మిషను బాగానే ఉంది బాబూ, గుంటడి కాలే సల్లగుంది. సెయ్యెట్టి సూడు" అంది.

"ఒక్క నిమిషం అమ్మా, పని చేసుకోనివ్వు."

"ఎన్ని నిమిషాలేటి? బేగి సూడు!" అంటూ నా చేయి లాగి గుడ్డలోని పాదాల మీద పెట్టింది. కుడిది వెచ్చగా ఉంది. ఎడమది చల్లగా, నీలం తిరిగి ఉంది. డాక్టరమ్మను కేకేశాను.

కాలి రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందట. వెంటనే అంబులెన్సులో విశాఖ పంపారు. కాలు దక్కింది. చిటికెన వేలు పోయింది.

మూడు నెలల తర్వాత అదే వార్డులో ఆమె ఎదురై, "వేలొకటి లేకపోతే ఏటైపోద్ది, ఎలా తన్నుతన్నాడో సూడు!" అని మనవణ్ణి నా చేతికిచ్చింది. నేను వృథా చేసిన ఆ నిమిషాలు మిగిలుంటే వేలు కూడా ఉండేదేమో. ఆ మాట ఆమెతో ఇప్పటిదాకా అనలేకపోయాను.