మూడో భాగంలో లేని తప్పు

దాదాపు ఇరవై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒకే ఒక్క మాట. "ఆగిపోయింది" అన్నాను. నిజానికి ఆగలేదు. నా పేరు చెప్పను. చెబితే మా ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే మా నాన్న తెలిసిపోతాడు. ఆయన ఇప్పటికే ఒకసారి నలుగురి నోళ్లలో పడి నలిగాడు. ఇంకోసారి వద్దు.

ఇదంతా ఒక కంప్యూటర్ ఆట గురించి. నవ్వొస్తే నవ్వుకోండి. నేనూ నవ్వి తీసిపారేయాలని చాలా ఏళ్లు చూశాను.

ఆట పేరు 'వంతు'. మీరు విని ఉండరు. చేసినవాణ్ని మురళి అందాం. మాది పులికాట్ ఒడ్డున చేపలు పట్టి బతికే ఊరు. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనో వాళ్లింట్లోనో, ఎక్కడ కూర బాగుంటే అక్కడ. తర్వాత వాడు నెల్లూరులో కంప్యూటర్ కోర్సులో చేరాడు. అక్కడ ఖాళీగా ఉన్న మిషన్ ముందు రెండేళ్లు కూర్చుని ఈ ఆట ఒక్కడే తయారుచేశాడు. అందులో తుపాకులు లేవు, కార్లు లేవు. సరస్సులో తప్పిపోయిన మీ అన్న పడవను మీరు వెతకాలి. ఇల్లిల్లూ తిరగాలి, మనుషులతో మాట్లాడాలి, దొరికిన తాడూ తెడ్డూ సంచిలో వేసుకుని ఒక్కో చిక్కూ విప్పుకుంటూ పోవాలి.

ఎంత బాగుండేదో ఇన్నాళ్లకు చెబుతున్నాను. గాలి మారితే నీళ్ల రంగు మారేది. మనుషులు మా ఊరి మాటే మాట్లాడేవారు. "యాడికి పోతుండావు నాయనా" అని కంప్యూటర్‌లోంచి వినిపించిన రోజు ఆ మాటనే పదిసార్లు మళ్లీ నొక్కి విన్నాను. అన్నింటికంటే గొప్ప సంగతి, ఆటలో మీరు ఒకరితో అబద్ధం చెబితే మర్నాటికి ఊరంతా తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరూ మీకు తెడ్డు అరువివ్వరు. అంత తెలివిగా అల్లాడు.

లోపాలు లేవా? ఉన్నాయి. మనిషి నడక మరీ నత్తనడక. ఒడ్డుకు వస్తే గాని ఆటను దాచుకోవడానికి వీలుండదు, కరెంటు పోతే గంట శ్రమ గాలికి పోతుంది. ఆటలో ఒక ముసలమ్మ గొంతు తన చెల్లెలి చేత చెప్పించాడు, వెనకాల బస్సు హారన్ వినిపిస్తుంది. ఇవి రాసి ఉంటే న్యాయంగా ఉండేది. నేను ఇవి రాయలేదు.

ఏం రాశానో చెప్పే ముందు మా సరస్సు సంగతి చెప్పాలి. అక్కడ ఎవరు పడితే వాళ్లు వల వేయడానికి లేదు. ఏ చోట ఏ రోజు ఎవరిదో చీట్లు వేసి పంచుకుంటారు. మన వంతు కాని రోజు చేపలు కళ్లముందు ఎగిరి పడుతున్నా సరే, తెడ్డు పక్కన పెట్టి కూర్చోవలసిందే. ఇది మా పిల్లలకు ఎవరూ నేర్పరు. పుట్టుకతో తెలిసినట్టే ఉంటుంది.

మా నాన్న ఒకసారి కూర్చోలేదు. తొమ్మిది రోజులు వంతు రాలేదు, ఇంట్లో పొయ్యి వెలగలేదు. పదో రోజు వేరేవాళ్ల చోట వల వేశాడు. ఊరు పట్టుకుంది. పెద్దలు ఆయన వల తీసుకెళ్లి రచ్చబండ దగ్గర గుంజకు వేలాడదీశారు. ఆ చీట్ల విడత మొత్తం ఆయనకు వంతు లేదు. ఆ రోజు ఆయన వల వేసింది ఎవరి చోటో తెలుసా? మురళి వాళ్ల నాన్నది.

'వంతు' ఆటలో ఓబయ్య అని ఒకడున్నాడు. దొంగతనంగా వల వేసి దొరికిపోతాడు. మాట్లాడే ముందు చెవి మీది బీడీ తీసి, చూసి, మళ్లీ చెవి మీదే పెట్టుకుంటాడు. అది మా నాన్న అలవాటు. ఈ ప్రపంచంలో ఇంకెవరికీ లేదు. మా ఇంట్లో అన్నం తింటూ మురళి దాన్ని చూశాడు, చూసి దాచుకున్నాడు.

వాడు సీడీలు కాపీ చేసి అందరికీ పంచాడు. వారం తిరక్కుండా ఊళ్లో కుర్రాళ్లు మా నాన్నను "ఓబయ్యా" అని పిలవడం మొదలుపెట్టారు. ఎదురుగా వచ్చి చెవి మీద చెయ్యి పెట్టి ఇకిలించేవారు. మా నాన్న చెవి మీద బీడీ పెట్టుకోవడం మానేశాడు. పోయేదాకా మళ్లీ పెట్టుకోలేదు. అది చూసినప్పుడు నాకు కలిగింది బాధ కాదు, కసి. మురళిని కొట్టాలనిపించలేదు. వాడు రెండేళ్లు కూర్చుని కట్టింది వాడి చేతనే కూలగొట్టించాలనిపించింది.

ఆటల గురించి రాసుకునే ఒక ఇంటర్నెట్ గ్రూపులో మూడు దొంగ పేర్లు పెట్టుకున్నాను. మూడు పేర్లతోనూ ఒకటే రాశాను. 'మూడో భాగంలో ఆట ఆగిపోతుంది, ముందుకు పోదు, డబ్బా.'

మూడో భాగంలో మీరు సరైన చోటికి చేరతారు. కానీ ఆ రోజు వంతు మీది కాదు. వల వేస్తే ఊరు వెలేస్తుంది, భాగం మళ్లీ మొదటికొస్తుంది. ఇంకేది నొక్కినా ఏమీ జరగదు. బయటివాళ్లకు అది చెడిపోయినట్టే కనిపిస్తుంది. మురళి చేసిన అసలు పొరపాటు అదొక్కటే. కూర్చోవాలని ఎక్కడా చెప్పలేదు. లోకంలో అందరికీ తెలుసనుకున్నాడు. మా ఊరివాడు తప్ప ఇంకెవడూ అలా అనుకోడు. నాకు తెలుసు. నేను కూర్చున్నాను. చివరిదాకా ఆడాను. ఊళ్లో కుర్రాళ్లు ఓబయ్యను చూసి నవ్వుకోవడమే గాని అంతదాకా ఆడలేదు.

ఒక హైదరాబాద్ కంపెనీ వాళ్లు అప్పటికే ఆటను చూస్తామని మురళికి మాట ఇచ్చి ఉన్నారు. వాడు ఆ రాతలు ప్రింటు తీసుకుని మా ఇంటికి పరిగెత్తుకుని వచ్చాడు.

"నువ్వు ఆడినావు గదరా. మూడో భాగంలో నీకూ ఆగిపోయిందా?"

"ఆగిపోయిందిరా. నువ్వు బాధపడతావని చెప్పలా."

"నేను ఆడితే బాగానే పోతుండాదే!"

"నువ్వు చేసినోడివి. నీకెట్ట తెలుస్తాది?"

వాడు నన్ను నమ్మాడు. నమ్మకుండా ఎలా ఉంటాడు? నెలరోజులు లేని తప్పు కోసం వెతికాడు. నేను పక్కనే కూర్చుని టీ తాగాను. చివరికి మూడో భాగం మొత్తం పీకి మళ్లీ రాశాడు. పాత సీడీలు వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చాడు, పాతవి తన చేత్తోనే విరిచేశాడు. హడావుడిలో రాసింది కదా, ఆ కొత్తది నిజంగానే ఆగిపోయేది. కంపెనీకి అదే పంపాడు. వాళ్లు జవాబైనా ఇవ్వలేదు. వాడు కోర్సు మధ్యలోనే వదిలేశాడు. నా అబద్ధాన్ని వాడే నిజం చేశాడు. ఆ రోజు నాకు సంతోషమేసింది. అవును, కడుపు నిండినట్టుగా ఉంది. ఇది దాచి మిగతాది చెబితే ఏం లాభం?

ఇంకొకటి కూడా చెప్పాలి. అసలైన బరువు ఇదే. ఆట చివర్లో మీ వంతు వస్తుంది. అప్పుడు ఓబయ్య మీ దగ్గరికి వస్తాడు. పిల్లలు తిని తొమ్మిది రోజులైందంటాడు. మీరు మీ వంతు ఆయనకు ఇవ్వవచ్చు. ఇస్తే, ఆ రోజు తాను దొంగతనంగా వల వేసినప్పుడు మీ అన్న పడవ ఎటు కొట్టుకుపోయిందో చూశానని చెబుతాడు. ఇస్తేనే ఆట పూర్తవుతుంది. మురళి వాళ్ల నాన్న మా నాన్నకు ఇవ్వని వంతును మురళి తన ఆటలో ఇచ్చాడు.

అదంతా చూశాకే నేను ఆ రాతలు రాశాను. చూడక రాశానని చెప్పుకుంటే ఎంత సులువుగా ఉండేది! చూశాను, ఏడ్చాను, లేచి వెళ్లి రాశాను. ఎందుకు? మా నాన్నను క్షమించడానికి వీడెవడు అనిపించింది. ఆకలితో చేసినదానికి క్షమించడమేంటి? ముందు ఊరందరి చేత నవ్వించి, ఆట చివర్లో, ఎవరూ చేరుకోని చోట, ఉదారంగా చెయ్యి చాపుతాడా? ఇప్పటికీ ఆ కోపం పూర్తిగా చల్లారలేదు. చల్లారిందని రాస్తే అదింకో అబద్ధం.

నేను ఇప్పుడు కృష్ణపట్నంలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. మురళి చిల్లకూరు వైపు రొయ్యల గుంటల్లో మోటార్లు బాగుచేస్తాడు. అప్పుడప్పుడు రోడ్డు మీద కనిపిస్తాడు. "బాగుండావా?" అంటాడు. "బాగుండా" అంటాను. కంప్యూటర్ మాట ఇద్దరం ఎత్తము.

పోయిన నెల పాత ఆటల గ్రూపులో ఎవరో పెట్టారు. పాత సామాన్లలో 'వంతు' సీడీ దొరికిందట, మూడో భాగంలో ఆగిపోతోందట, ఎవరైనా దాటారా అని అడిగారు. కింద ఇంకొకరు నా పాత రాతనే తెచ్చి అతికించారు. ఆ ఆట గురించి ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క రాతేనట.

అడిగినవాళ్లకు చెబుతున్నాను, మీకు దొరికింది మురళి మళ్లీ రాసిన రెండో సీడీ. అది ఎవరికీ ముందుకు పోదు. మొదటిది ఒక్కటి మిగిలింది, నా దగ్గరే ఉంది. మురళి వెనక్కి అడిగినప్పుడు పోయిందని చెప్పాను. మా నాన్న పంచెలో చుట్టి బీరువా అడుగున పెట్టాను. ఎందుకు దాచానో నాకే తెలియదు. ఈ రాతతో పాటు దాన్ని కూడా కంప్యూటర్‌లోకి ఎక్కించి గ్రూపులో పెడుతున్నాను. మురళి చూస్తాడో లేదో తెలియదు. చూస్తే నన్ను క్షమించమని అడగను. వాడు ఇచ్చిన క్షమను ఒకసారి నేను ఏం చేశానో మీకు చెప్పాను కదా.

మొదటి సీడీ ఎక్కడా ఆగదు. మూడో భాగానికి వచ్చాక ఏదీ నొక్కకండి. తెడ్డు పక్కన పెట్టి కూర్చోండి. ఎండ పడవలో ఈ చివర నుంచి ఆ చివరకు జరుగుతుంది. మీ వంతు వచ్చిందని ఒడ్డు మీద నుంచి ఎవరో మీ పేరు పిలుస్తారు. ఆ తర్వాత చెవి మీద బీడీతో ఒకాయన వస్తాడు. ఆయనకు మీ వంతు ఇచ్చేయండి.