పంటు నాకోసం ఆగింది

తొమ్మిదింటికి రిపోర్ట్ చేయమన్నారు. ఎనిమిదీ ఇరవైకే బందరు బస్టాండులో దిగాను. జూలై నెల, సన్న వాన. భుజాన పాత ఆర్మీ బ్యాగు. అందులో రెండు జతల బట్టలు, టార్చి, నోటుబుక్కు. ఆఫీసు మేడమీద ఒక పొడుగాటి గది. తాళం వేసి ఉంది. మెట్లమీద నిలబడి గంటసేపు పళ్ళు నూరుకున్నాను. ఇరవై రెండేళ్ళు సిగ్నల్స్‌లో హవల్దారుగిరీ దాకా చేసినవాణ్ణి. ఆలస్యం నా ఒంటికి పడదు.

గుడివాడలో మావాళ్ళంతా మంచుకొండల కబుర్లు చెప్పమంటారు. చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయింది. నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వని డ్యూటీ అక్కడిది కాదు. రిటైరయ్యాక నాలుగు నెలలు దివిసీమలో చేసింది.

దివిసీమలో పాము కరిస్తే విరుగుడు మందు ఏయే ఊళ్ళలో ఉంచాలి? దానిమీద సలహా ఇవ్వడానికి డాక్టర్లతో ఒక టాస్క్‌ఫోర్స్ వేశారు. వాళ్ళకు కాగితాలూ ప్రయాణాలూ చూసిపెట్టే సిబ్బందిమి మేం ముగ్గురం. మొదటిరోజు చైర్మన్ డాక్టరు గారు మా బయోడేటాలు చూసి నవ్వారు. “ఒకరు కోర్టు గుమాస్తా, ఒకరు నర్సు, ఒకరు మిలిటరీ. పాముకు ఇంత బందోబస్తా అండీ!” నాకు నవ్వు రాలేదు.

పాత ఉద్యోగం ఎవర్నీ వదల్లేదు. గుమాస్తా గారు ముప్పయ్యేళ్ళు వాంగ్మూలాలు రాసిన మనిషి. రైతు “పాము కరిచిందండీ” అంటే, “కరిచినట్లు చెప్పుచున్నాడు” అని రాసేవారు. సిస్టరు గారిది మొవ్వ దగ్గర పల్లె. ప్రార్థన చేయనిదే జీపెక్కేవారు కాదు. ఏ ఇంటికెళ్ళినా ముందు కాటుపడ్డ కాలు చేతిలోకి తీసుకుని చూసేవారు, ఫారం సంగతి తర్వాత. సాయంత్రానికి సగం ఫారాలు ఖాళీ. ఇద్దరిమీదా విసుక్కునేవాణ్ణి.

నా పని దూరాలు, టైములు. కృష్ణపాయకు అవతల ఒక లంక ఊరు. అక్కణ్ణించి ఇవతలి పెద్దాసుపత్రికి ఎంతసేపు? గంటలోపే అయితే లంకలో మందు అక్కర్లేదని టాస్క్‌ఫోర్స్ అనుకుంది. గంట దాటితే అక్కడే మందూ ఉండాలి, ఇచ్చే డాక్టరూ ఉండాలి. అంతా నా అంకెమీదే ఉంది.

ఆగస్టులో ఒక బుధవారం. ఉదయం 10.05కి లంకనుంచి జీపులో బయల్దేరాను. 10.17కి రేవు. మనుషుల్నీ బళ్ళనీ పాయ దాటించే పంటు రేవులోనే ఉంది. 10.34కి ఇవతలి ఒడ్డు. 10.57కి ఆసుపత్రి గేటు. యాభై రెండు నిమిషాలు. చైర్మన్ గారు భుజం తట్టారు. అబద్ధమెందుకు, ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

రిపోర్టు సంతకాలకు వెళ్ళబోతుంటే గుమాస్తా గారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

“హవల్దారు గారూ, ఒక్కమాటండీ. పంటు రేవులోనే ఉందని రాశారు. ఎందుకుందండీ?”

“ఎందుకేంటండీ? ముందురోజే పంటు నడిపే సరంగుకి ఫోన్ చేసి చెప్పా, పదింటికల్లా లంక రేవులో ఉండాలని. కబురు పంపకుండా బండి కదుపుతామా?”

ఆయన కలం కింద పెట్టేశారు. కిటికీ దగ్గర సిస్టరు గారు మెల్లగా అన్నారు. “పాము ముందురోజు ఫోన్ చెయ్యదు కదండీ.”

ఒళ్ళు మండిపోయింది. సర్వీసులో నా అంకె తప్పన్నవాడు లేడు. గట్టిగానే అరిచాను. ఆవిడ బెదరలేదు. “అరవండి, పర్లేదు. మళ్ళీ వెళ్దామా వద్దా చెప్పండి. సంతకాలు ఎల్లుండే.”

మర్నాడు వెళ్ళాం, నేనూ ఆవిడా. ఎవరికీ చెప్పలేదు. లంక చూసుకుని 1.28కి ఊళ్ళో బయల్దేరి 1.40కి రేవుకు తిరిగొచ్చాం. పంటు ఆసుపత్రివైపు ఒడ్డున బురదలో కూర్చుని ఉంది. పాటు సమయం, నీళ్ళు తీసేశాయి. చిన్న పడవలన్నీ వేటకెళ్ళాయి. సరంగుకు ఫోన్ చేశాను.

“నీళ్ళెక్కాలి సార్. గంటో, గంటన్నరో.”

రేవులో అటూ ఇటూ తిరుగుతున్నాను. 1.55కి ఒక ఆటో వచ్చింది. లోపల ముప్పయ్యేళ్ళ మనిషి. చేలో కలుపు తీస్తుంటే పాము కరిచింది. కనురెప్పలు అప్పటికే వాలిపోతున్నాయి. పక్కన భార్య. సిస్టరు గారు ఒక్క అంగలో అతని దగ్గరికి వెళ్ళారు. కాలు కదలకుండా కట్టారు, ఊపిరి చూశారు, పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నారు. చేతిలో మందు లేదు.

భార్య మోకాలిలోతు బురదలోకి దిగి అవతలికి అరిచింది. “సరంగు బావా, పంటు తిప్పు బావా!” అవతల సరంగు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

పంటు కదిలింది 3.05కి. ఆసుపత్రి గేటు చేరేసరికి 3.52. నేను గేటు బయటే నిలబడ్డాను. సిస్టరు గారు వచ్చి తల అడ్డంగా ఊపారు. గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఆ మర్నాడు చైర్మన్ గారి ముందు అటెన్షన్‌లో నిలబడి చెప్పాను. “యాభై రెండు తప్పండీ. రెండు గంటల ఇరవై నాలుగు. పంటు నాకోసం ఆగింది, వాళ్ళకోసం ఆగదు.” ఆయన రిపోర్టులో ఆ పేజీ చించి గుమాస్తా గారికి ఇచ్చారు. అక్టోబరులో లంకకు మందు వచ్చింది, డాక్టరూ వచ్చాడు. నవంబరులో నా డ్యూటీ ముగిసింది. గుడివాడ బస్సెక్కాను.

ఇంట్లో ఎవరైనా టైమెంతని అడిగితే లేచి బయటికి వెళ్ళిపోతాను. “అడిగినదానికి చెప్పడానికేం రోగం?” అని మా ఆవిడ కసురుతుంది. ఏం చెప్పను? ఆవేళ రేవులో నోటుబుక్కు పట్టుకున్నది నేనొక్కణ్ణే. బురదలోంచి ఆ అమ్మాయి మాటిమాటికీ నావైపు తిరిగి అడిగేది. “బాబుగారూ, టైమెంతయిందండీ?” రెండుసార్లు నిమిషాలతో సహా చెప్పాను. మూడోసారి అడిగి, చీర కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ అట్లాగే నిలబడింది.