పులి పొయ్యి

గులాం రసూల్‌కు భయం. దేనికని అడిగితే నొచ్చుకునేవాడు. "దేనికి కాదో అడుగు, జల్ది చెప్త" అనేవాడు. బల్లి కనపడితే భయం. ఉరిమితే భయం, మబ్బు పట్టి ఉరమకపోతే ఇంకా భయం. ఆయన భార్య అమీరున్నీసా, "నిఖా నాడు నన్ను చూసి సుత భయపడ్డడు. గదొక్కటి సరైన భయమే" అంటూ బల్మూరు ఊరంతా నవ్విస్తుండేది.

అలాంటి మనిషికి దేవుడు అడవిలో వంట చేసే కొలువు ఇచ్చాడు. నిజాం సర్కారు రోజులు. అడవుల తనిఖీకి జంగలాత్ సాబు దౌరా బయలుదేరితే ముందుగా రసూల్ వంట సామాను కదలాలి. దాన్ని మోసే ఎడ్లబండి పెంటయ్యది. పెంటయ్య కూడా పెద్ద ధైర్యవంతుడేం కాదు గానీ, రసూల్ పక్కన నిలబడితే ఎవరైనా వీరుడే.

మన్ననూరు దాటి అడవిలో గుడారాలు వేసిన సాయంత్రం, రసూల్ వంటశాల అమర్చడం పెంటయ్య మొదటిసారి చూశాడు. ముందు గుప్పెడు బూడిద ఎగరేసి గాలి ఎటో కనిపెట్టాడు. గాలి వచ్చే వైపు నోరు పెట్టి నేలలో పొయ్యి తవ్వాడు. వెనక మసాలాల సందూక, ఎడమన నీళ్ల కాగులు, కుడిన కట్టెల మోపు. మధ్యలో తాను కూర్చుంటే అన్నీ చేతికందుతున్నాయి.

"మస్తు అమర్చినవ్ భాయ్!"

"అమర్చుడేంది? ఇది కిల్లా. పులి ఏ దిక్కుకెల్లి వచ్చినా దేనికో ఒకదానికి తట్టుకొని పడాలె."

తర్వాత ఇత్తడి తాంబాలం ఒకటి తీసి వీపుకు కట్టుకున్నాడు.

"గిదేంది?"

"ఎన్కకెల్లి వస్తె దాని మొకం దానికే కనపడ్తది. భయపడి ఉరుకుతది."

"పులి భయపడ్తదా?"

"అద్దంల చూసుకుంటె నేనే భయపడ్త. గది పడదా?"

అంతటితో ఆగలేదు. దూరంగా వాగు ఒడ్డున మూడు రాళ్లు పెట్టి ఇంకో పొయ్యి రాజేశాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నల సంచి విప్పి, పెద్ద దేగ్చీ నిండా గటక వండి, దాని మీద వదిలేసి వచ్చాడు.

"అది పులి పొయ్యి. ఆడ్నే కడుపు నిండితె ఈడికి రాదు."

"పులి గటక తింటదా భాయ్?"

"ఆకలైతె ఎవరైనా తింటరు."

తెల్లవారి దేగ్చీ తెమ్మని పెంటయ్యను పంపాడు. పెంటయ్య కాళ్లు ముందుకు ఒకటి, వెనక్కి రెండు పడ్డాయి. తీరా చూస్తే దేగ్చీ ఖాళీ. పైగా ఇసుకతో తళతళా తోమి బోర్లించి ఉంది!

"భాయ్! పులి గిన్నె తోమింది!"

"ఖాందాన్ గల పులి" అన్నాడు రసూల్, ఉల్లిగడ్డ కోస్తూ.

మర్నాడూ అంతే. ఇలాంటి సంగతి కడుపులో దాచుకోవడం పెంటయ్య వల్ల అవుతుందా? గుడారం గుడారానికీ చెప్పాడు. చివరికి సాబు చెవిన పడింది.

"అట్లనా? ఇవాళ పొద్దుగూకంగనే ఆ పొయ్యి కాడ బందూకు పట్టుకొని కూసుంట. ఏది కదిలితె అది కాలుస్త" అన్నాడు సాబు.

పెంటయ్య సంబరంగా పరుగెత్తుకొచ్చి చెప్పాడు. రసూల్ చేతిలో గరిటె కింద పడింది.

"ఎంత పని చేసినవ్ పెంటయ్యా! ఆడికొచ్చేది పులి కాదు. మన గుడారాలు మోసిన చెంచోళ్లు. వెట్టికి పట్టుకొచ్చిన్రు. మోయనీకె పిలుస్తరు, తిననీకె పిలువరు. సాబు బియ్యం ముడితె నా కొలువు పోతది, గందుకే నా జొన్నలు. పొద్దుగూకంగనే వాళ్లల్ల ఎల్లమ్మ సంకల పిల్లతోని అందరికన్న ముందు వస్తది."

"ఉరికి చెప్పొస్త!"

"ఏ దిక్కుకని పోతవ్? కట్టెలకు అడవంత తిరుగుతున్నరు."

పెంటయ్య ఇన్నాళ్లూ పులికి భయపడ్డాడు. ఇది అంతకన్నా పెద్ద భయం. పొద్దు చూస్తే చెట్ల వెనక్కి దిగుతోంది.

రసూల్ ఉన్నట్టుండి లేచాడు. మూడు రాళ్లూ, గటక దేగ్చీ మోయించుకొచ్చి, సరిగ్గా సాబు గుడారం గుమ్మంలో పొయ్యి పెట్టాడు.

"ఏం చేస్తున్నవ్ రా?" అన్నాడు సాబు, బందూకు తుడుస్తూ.

"మీకు వాగు దాక నడిచే తక్లీఫ్ ఎందుకు సాబ్? దానికి ఈ గటక వాసన ఎరుకే. సీదా ఈడికే వస్తది. మీరు మంచం మీద కూసోనే కాల్చొచ్చు."

"ఈడికంటే... ఎంత దగ్గరికి?"

"అద్గో, మీ చెప్పుల కాడికి."

సాబు చెప్పుల వైపు చూశాడు. గుడారం గుడ్డ వైపు చూశాడు. అది మరీ పల్చగా కనిపించినట్టుంది. బయట ఎక్కడో ఎండుటాకు గలగలమంది. అంతే, సాబు మంచమెక్కాడు. బందూకు కిందే ఉండిపోయింది.

"తీయ్! తీస్కపో! ఆ వాగు కాడ్నే పెట్టు!"

"జీ సాబ్. మరి బందూకు పట్టుకొని మీరు..."

"నేను రాను! ఎవ్వరినీ ఆ దిక్కు పోనియ్యకు! దాని కడుపు నిండితె చాలు!"

"నా జొన్నలు అయిపోవచ్చినయ్ సాబ్. జర తక్కువైతె..."

"నా బియ్యం వండు! తక్కువైతె నీ కొలువు పోతది!"

ఆ పొద్దు పులి పొయ్యి మీద సన్నబియ్యం ఉడికింది. గుడారంలో సాబు, పొయ్యికి దూరంగా బండి మీద పెంటయ్య కూర్చున్నారు. బందూకు మాత్రం పేలలేదు.

తెల్లవారి ఎవరూ చెప్పకముందే పెంటయ్య వాగుకు పోయాడు. దేగ్చీ తళతళలాడుతోంది. దాని పక్కనే మోదుగాకు దొప్పలో తేనె. తెచ్చి చూపిస్తే రసూల్ వేలితో అద్దుకొని నాకాడు. కళ్లు తడిసినా నవ్వు ఆపుకోలేకపోయాడు.

"పులి ఇచ్చింది, తిను. సాబుకు మాత్రం చెప్పకు, పాపం పిరికోడు."

అంతలో సందూక మీదికి బల్లి దూకింది. రసూల్ కెవ్వుమని అరిచి, తాంబాలంతో సహా పెంటయ్య బండెక్కేశాడు.