చదవని రెండో పేజీ

మా లెక్కల టీచరమ్మ పోయారన్న కబురు పోయిన శనివారం పొద్దున, ఆసుపత్రిలో డ్యూటీలో ఉండగా తెలిసింది. అనుమసముద్రంపేటలో ఆమె అద్దెకున్న ఇంటావిడ ఫోన్ చేసింది. లేచి మొహం కడుక్కుని కుర్చీలో కూర్చున్నారట. ఆవిడ టీ కాచి తెచ్చేలోపలే అయిపోయిందట. "కష్టపడలేదమ్మా, కళ్లజోడు గూడా తియ్యలా" అంది. చేతిలో ఉన్న సిరంజి ట్రేలో పెట్టి గోడకు ఆనుకున్నాను. ఏడుపు రాలేదు. ఇక ఆమెకు ఆ మాట చెప్పే వీల్లేదని మాత్రం తోచింది. ఆ మాటేమిటో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

మాది సీతారామపురం అవతల చిన్న పల్లె. ఆరో తరగతిలో నన్ను ఉదయగిరి హాస్టల్లో చేర్చారు. ఇంటికి పోయి వస్తే సోమవారం బడికి ఆలస్యమయ్యేది, ఉన్న ఒక్క బస్సు ఎప్పుడొస్తే అప్పుడే. టీచరమ్మ సోమవారం మొదటి పీరియడ్లో కొత్త లెక్క మొదలుపెట్టేవారు కాదు. మా బస్సు వచ్చిందాకా మిగతావాళ్ల చేత ఎక్కాలు చెప్పించేవారు. అది మా కోసమని ఆమె ఎప్పుడూ అనలేదు. పెద్దయ్యాక, బస్సు ఎక్కి దిగే ఉద్యోగం చేస్తున్నప్పుడు నాకే అర్థమైంది.

లెక్క తప్పు చేస్తే కొట్టేసేవారు కాదు. తప్పు ఏ వరుసలో మొదలైందో ఆ వరుస కింద సన్నగా గీత గీసి పుస్తకం తిరిగి ఇచ్చేవారు. "తప్పు జవాబు కాడ ఉండదు, పైన యాడో ఉంటాది. ఎనక్కి పో" అనేవారు. ఏ కాగితం చదివినా వరుస కింద స్కేలు పెట్టుకుని చదవడం ఆమెకు అలవాటు. పెళ్లిపత్రికైనా అంతే, కరెంటు బిల్లైనా అంతే, వెనక్కి తిప్పి అక్కడేమన్నా ఉందేమో కూడా చూసేవారు. మేం నవ్వితే, "చదవని కాయితం మీద చెయ్యి పెట్టబాకండి" అని మాత్రం అనేవారు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఆత్మకూరులో ఇరవై ఎనిమిది అంకణాల, అంటే సుమారు నాలుగున్నర సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నారు. తమ్ముడు టైల్స్ అంగడి పెట్టుకుంటానంటే ఆ ఇంటిని బ్యాంకులో హామీ పెట్టారు. అంగడి నాలుగేళ్లు నడిచి మూతపడింది. వడ్డీ మీద వడ్డీ చేరి, ఇల్లు అమ్మినా తీరనంతగా అప్పు పెరిగింది.

ఈ అప్పు సంగతేమీ నాకు తెలియదు. మేం అప్పటికి పదకొండేళ్లుగా అద్దె ఇళ్లు మారుతున్నాం. ఒకరోజు ఇళ్ల స్థలాల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. ఆత్మకూరు, తూర్పు వాకిలి, బ్యాంకు ఒప్పుకోలుతో అమ్మకం, ఉన్నది ఉన్నట్టు, అర్జంటు. ధర మాకు అందేటట్టే ఉంది. కింద ఫొటోలో వరండా గోడకు ఒక నల్లబల్ల కనిపించింది. ఇదివరకు ఆమెను చూడబోయినప్పుడు చూసిన బల్లే గనక, అది టీచరమ్మ ఇల్లని వెంటనే తెలిసిపోయింది.

మరుసటి రోజే పోయాను. ఆమె ఏమాత్రం సిగ్గుపడలేదు. కూర్చోబెట్టి, ఆ ప్రకటనలో ఒక్కో మాటకీ అర్థం చెప్పారు. అమ్మితే వచ్చేదానికన్నా తీర్చాల్సింది ఎక్కువ కాబట్టి, ఇల్లు తన పేరు మీదున్నా ధరకు సరేననాల్సింది బ్యాంకేనని చెప్పారు. నెలాఖరులోగా బేరం కుదరకపోతే వేలం వేస్తారట. ఉన్నది ఉన్నట్టు అంటే, కొన్నాక గోడలో పగులు కనపడితే ఆ పగులు కొన్నవాళ్లదేనట. ఇంటి మీద వేరే తాకట్టులేమన్నా ఉన్నాయేమో తేలడానికి ఈసీ తీయించమన్నారు, బ్యాంకు నుంచి అసలు డాక్యుమెంట్లు చేతికొచ్చే ఏర్పాటు చూసుకోమన్నారు. "డబ్బులు నా చేతికి మాత్రం ఇయ్యబాక. నేను మీ టీచర్నైనా సరే, బ్యాంకులోనే కట్టు" అన్నారు.

తర్వాత లేచి ఇల్లంతా తిప్పి చూపించారు. వెనక గోడకు చెమ్మ ఎక్కడ ఎక్కుతుందో, మే నెలలో బోరు ఎన్నాళ్లు ఎండిపోతుందో, వానాకాలం ఏ తలుపు బిగుసుకుంటుందో ఆమే చెప్పారు. అమ్మేవాళ్లు ఇంటి లోపాలు ఇంత ఓపిగ్గా చూపించడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. నెల్లూరు నుంచి ఒకాయన ప్రకటనలోని ధరే ఇస్తానన్నాడట, ఇల్లు కూల్చి షాపులు కడతాడట. "నువ్వైతే కాపురముంటావు" అని, ఆయనకు వద్దని చెప్పేశారు. నోటిమాట మీద ధర కుదిరింది.

మా ఆయన స్నేహితుడొకాయనకు ఈ బేరాలు బాగా తెలుసు. నెలాఖరు దగ్గర పడిందాకా ఆగమన్నాడు. నెల్లూరాయన తప్పుకున్నాడు గనక ఇక మనం తప్ప వేరే దిక్కు లేదని, రెండు లక్షలు తగ్గించి రాసిస్తే బ్యాంకు కాదనదని చెప్పాడు. మా ఆయన నీ ఇష్టం అన్నాడు. నేను ఆగాను. గడువు నాలుగు రోజులు ఉందనగా బ్యాంకుకు పోయి, తగ్గించిన అంకె నా చేత్తోనే రాసిచ్చాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఆ రెండు లక్షలతో వంటగది ఎట్లా మార్చుకోవాలో లెక్క వేసుకున్నాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, జరిగింది అదే.

బ్యాంకు ఒప్పుకుంది. సంతకాలకు ఆమెనూ నన్నూ పిలిచారు. ఒప్పందం రెండు పేజీలు. మొదటి పేజీలో ఇల్లు, ధర, నాకు రావాల్సిన కాగితాల సంగతి ఉంది, అది రెండుసార్లు చదువుకున్నాను. రెండో పేజీ ఆమెకూ బ్యాంకుకూ మధ్య విషయమని చెప్పారు, తిప్పి సంతకం చేశాను. తర్వాత ఆమె కూర్చుని, సంచిలోంచి స్కేలు తీసి, వరుస వరుసా చదివారు. కొత్త అంకె దగ్గర స్కేలు కాసేపు ఆగింది. రెండో పేజీలో మరోచోట ఇంకా ఎక్కువసేపు ఆగింది. తల ఎత్తి నన్ను చూశారు.

"అంతా చదివినావా అమ్మాయ్?"

"చదివినాను టీచర్."

బడిలో ఇంటిపని చేశావా అంటే చేశానన్నట్టే, అలవాటుగా వచ్చేసింది ఆ మాట. ఆమె సంతకం చేసి, పెన్ను మూత పెట్టి నా ముందుకు జరిపారు.

ఇల్లు ఖాళీ చేసి ఆమె అనుమసముద్రంపేట పోయారు. దర్గా దగ్గర పూలు, ఊదుబత్తీలు అమ్ముకునే కుటుంబం వాళ్లింట్లో ఒక గది ఇచ్చింది. ఆ ఇంటి ఆడపిల్లలకు లెక్కలు చెబుతూ అక్కడే ఉండిపోయారు. అంత చిన్న గదికి ఎందుకు పోయారో నేను అడగలేదు. పింఛను వస్తుంది కదా అనుకున్నాను.

ఏడాది తర్వాత ఆమె తమ్ముడు ఆసుపత్రికి చూపించుకోవడానికి వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది. ఇంటి ధర పోగా మిగిలిన అప్పును బ్యాంకు మాఫీ చేయలేదు. ధర ఎంత తగ్గితే అంత భారం హామీ ఉన్నవాళ్ల మీదే ఉంటుందని రెండో పేజీలో రాసి ఉందట. ఆమె పింఛనులోంచి నెలనెలా కడుతున్నారట. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, బీరువాలోంచి కాగితాలు తీసి, మొదటిసారి ఆ పేజీ చదివాను. ఆ వాక్యం ఎక్కడో సందులో లేదు. పేజీ మధ్యలో, నా సంతకానికి నాలుగు వరుసల పైన ఉంది.

రెండు లక్షలు సర్దడానికి మాకు ఏడెనిమిది నెలలు పట్టింది. కవరులో పెట్టుకుని పేటకు పోయాను. ఆమె గది ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. బోరు ఎట్లుందని అడిగారు. మీ ఇల్లు బాగుంది టీచర్ అన్నాను. "నాదేంది? రిజిస్ట్రేషన్ అయినాక మాట గూడా మార్చుకోవాల" అని నవ్వారు. కవరు ఆమె ముందు పెట్టి, ఆ రోజు తగ్గించింది ఇదేనని చెప్పాను.

ఆమె కవరు ముట్టుకోలేదు. చిక్కుడుకాయ ఒలవడం మాత్రం ఆపారు.

"ఆ రోజు అడిగినా గదా అమ్మాయ్, అంతా చదివినావా అని. చదివినా అన్నావు. నీకూ ఏదో ఇబ్బంది ఉండాది, లేకుంటే నా మింద పడతాదని తెలిసి గూడా ఎందుకు రాస్తావు అనుకున్నా. ఆ ఇబ్బంది తీరినాదో లేదో నాకు తెలీదు. తీసకపో."

నాకప్పుడు అర్థమైంది. తెలిసే ఆమె మీదికి నెట్టానని ఆమె ఇన్నాళ్లూ అనుకుంటున్నారు. అనుకుని కూడా, నాకోసం ఒక కారణం వెతికి పెట్టుకున్నారు. చదవలేదు టీచర్, అబద్ధం చెప్పినాను అంటే సరిపోయేది. ఆమె ఎదురుగా కూర్చుని ఆ మాట అనలేకపోయాను. తెలిసి చేసిన తప్పుకంటే, చదవకుండా సంతకం పెట్టాననడమే ఆమె ముందు ఎక్కువ సిగ్గనిపించింది. ఇలా ఎందుకనిపించిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె ఒక గిన్నెలో ఒలిచిన చిక్కుళ్లు పోసి, కూరకు సరిపోతాయని నా సంచిలో పెట్టారు. కవరు కూడా ఆ సంచిలోనే పెట్టారు.

ఆ తర్వాత మూడుసార్లు పోయాను, చెప్పాలనే పోయాను. ఒకసారి పిల్లలు లెక్కలు చేస్తున్నారు. ఒకసారి ఆమెకు జ్వరం. మూడోసారి ఎవరూ లేరు, జ్వరమూ లేదు. వంటగది ఏం మార్చావని అడిగితే, చెప్పుకుంటూ పోయి బస్సు టైమైందని లేచి వచ్చేశాను.

ఆదివారం ఉదయగిరిలో సమాధుల తోటలో ఆమెను ఉంచారు. పేట నుంచి ఇంటావిడ, ఇద్దరు కూతుళ్లు ఆటోలో వచ్చి వెనక వరుసలో నిలబడ్డారు. పాస్టరుగారు ఆమె ఓర్పు గురించి మాట్లాడారు. అప్పు ఇంకా కొంత మిగిలిందని, ఇక తనే కట్టుకుంటానని తమ్ముడు నాతో అన్నాడు. ఆ కవరు డబ్బు ఆయనకిస్తానంటే, అక్క తీసుకోనిది తనకెందుకన్నాడు. అందరూ వెళ్లాక మట్టి దగ్గర నిలబడి ఆ రెండు మాటలూ పైకే అన్నాను. అనడం పెద్ద కష్టమేం కాలేదు. ఆమె బతికుండగా కూడా ఇంతే తేలికగా ఉండేదేమో.

మొన్న మధ్యాహ్నం ఎవరో గేటు తీశారు. ముప్పై ఏళ్ల అమ్మాయి, బస్సు దిగి నడిచొచ్చినట్టుంది, మొహమంతా చెమట. చేతిలో బట్టల అంగడి సంచి.

"టీచరమ్మ ఇల్లు ఇదేనా అక్కా? మాది సీతారామపురం. ఉదయగిరిలో చదువుకున్నా. ఉద్యోగమొచ్చినాది. మొదటి జీతంతో చీర తెచ్చినాను."

"ఇదేనమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి మెట్ల దగ్గర చెప్పులు విడిచింది. చున్నీతో మొహం తుడుచుకుని, చీర సంచిలోంచి తీసి రెండు చేతులతో పట్టుకుంది. వరండాలో నిలబడి, నా భుజం మీదుగా లోపలి గుమ్మం వైపు చూస్తూ ఉంది.